బిర్చ్ బెరడు పడవ కట్టడం వీడియోలు చూసి నేర్చుకోవచ్చా? కొలతలు రాసి మ్యూజియంలో పెడితే సరిపోదా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒట్టావాకి కొత్తగా వచ్చాం, ఇక్కడి ఆదివాసులైన అల్గాన్క్విన్ వాళ్లు బిర్చ్ చెట్టు బెరడుతో కట్టే పడవ గురించి పిల్లాడు స్కూల్లో విని వచ్చాడు, వాడికి 15 ఏళ్లు, చెక్కపనంటే ఇష్టం, వీడియోలు చూసి మా గరాజ్‌లో కట్టుకోవచ్చా అన్నది మొదటిది. ఫైబర్ పడవలు షాపులో దొరుకుతుంటే ఇంత కష్టపడి ఈ విద్య నేర్పడం ఎందుకు, కొలతలు రాసిపెట్టి నాలుగు పడవలు మ్యూజియంలో దాచితే చాలదా అన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్పేస్తాను. గరాజ్‌లో కుదరదండి. మీవాడికి పనితనం లేదని కాదు, ఈ పనిలో సగం పైన అడవిలోనే జరుగుతుంది కాబట్టి. ఆ సగం ఏ వీడియోలోనూ పట్టదు.

నేను ఈ ఊళ్లో 12 ఏళ్లుగా ఉంటున్నాను. మూడేళ్ల కిందట, కిటిగన్ జీబీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన 14 అడుగుల పడవ కడుతుంటే ఆ వేసవంతా వాలంటీర్‌గా వెళ్లాను. మా అమ్మాయి స్కూల్ పిల్లలు కొందరు, కిటిగన్ జీబీ కుర్రాళ్లు నలుగురు, నాలాంటి పెద్దవాళ్లం ఐదారుగురం. కిటిగన్ జీబీ అంటే ఒట్టావాకి ఉత్తరంగా 130 కిలోమీటర్ల దూరంలో, మానివాకి పక్కనున్న అల్గాన్క్విన్ల ఊరు. ఆ మాటకి వాళ్ల భాషలో తోట నది అని అర్థం. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఆయన్ని అడగకుండా రాయడం నాకు ఇష్టం లేదు.

మొదటి రెండు రోజులు మేం పనిముట్టే ముట్టుకోలేదు. చెట్లు చూస్తూ తిరిగాం. ఈ అడవుల్లో బిర్చ్ చెట్లకి కొదవ లేదు, పడవకి పనికొచ్చే బిర్చ్‌కే కొదవ. మాను నిటారుగా ఉండాలి, కింది భాగంలో కొమ్మలు పుట్టిన గుర్తులు ఉండకూడదు, ఇద్దరు కూర్చునే పడవకి పొట్టభాగం ఒకే ముక్కలో రావాలంటే చుట్టుకొలత బాగా ఉండాలి. బెరడు మీద అడ్డంగా చిన్న చిన్న గీతలుంటాయి చూడండి, అవి పొడుగ్గా, మోటుగా ఉంటే బెరడు అక్కడే చిట్లుతుంది. ఇవన్నీ సరిపోయాక ఒక చిన్న ముక్క తీసి వెనక్కీ ముందుకీ వంచి చూస్తారు. పొరలు పొరలుగా విడిపోయిందా, ఆ చెట్టుని వదిలేసి నడక. నేను లెక్కపెట్టాను, 40కి పైగా చెట్లు చూశాక ఒకటి కుదిరింది. పాత రోజుల్లో పెద్ద మానులు ఇంతకంటే సులువుగా దొరికేవట. 19వ శతాబ్దం నుంచీ ఈ ఒట్టావా నది లోయలో కలప వ్యాపారం జోరుగా నడిచింది మరి.

కాలం కూడా కలిసిరావాలి. జూన్ చివర, జూలై మొదట్లో చెట్టులో రసం బాగా ఎక్కి ఉన్నప్పుడు బెరడు దానంతటదే వదులుతుంది. ఆయన ముందు చెట్టు మొదట్లో చిటికెడు పొగాకు పెట్టి, వాళ్ల భాషలో రెండు మాటలు చెప్పుకున్నారు. తర్వాత నిలువునా ఒక్క గాటు. చదునుగా చెక్కిన కర్రను ఆ గాటులోకి దూర్చి కొంచెం నెట్టగానే పట్ మని చప్పుడుతో మొత్తం బెరడు తలుపులా తెరుచుకుంది. లోపలి వైపు తడిగా, లేత బెల్లం రంగులో ఉంది. పిల్లలందరూ ఒక్కసారిగా చెయ్యిపెట్టి చూశారు. ఇలా కాకుండా వసంతం మొదట్లో తీస్తే ముదురు గోధుమరంగు పొర ఒకటి అంటుకుని వస్తుంది, దాన్ని తడిపి గీకితే లోపలి లేత రంగు బయటపడి బొమ్మలవుతాయి. పాత పడవల మీద కనిపించే ఆకులు, జంతువుల బొమ్మలు చాలావరకు అలా వేసినవే, రంగుతో కాదు. ఇంకోమాట, చాలామంది తెల్ల వైపు బయటికి ఉంటుందనుకుంటారు. కాదు, చెట్టు మీద బయటికి కనిపించే తెల్ల వైపు పడవలో లోపలికి పోతుంది, నున్నని లోపలి వైపు నీటిని తాకుతుంది.

నాకు అప్పజెప్పింది చెట్ల వేళ్ల పని. పడవలో కుట్టంతా స్ప్రూస్ చెట్టు వేరుతోనే, దాన్ని వటప్ అంటారు. నాచు కింద, జానెడు లోతు కూడా ఉండదు, పెన్సిల్ మందాన నేలబారుగా పాకుతూ పోతుంది ఆ వేరు. నాచులోకి చెయ్యి పెట్టి వెతికి పట్టుకుని, దాని వెంటే మోకాళ్ల మీద జరుగుతూ పోవాలి, దారిలో ఇంకో వేరు అడ్డం పడితే దాన్ని తెంపకుండా కిందనుంచి లాగాలి. ఒక చెట్టు దగ్గర రెండు మూడుకి మించి ఆయన తీయనివ్వలేదు. అలా తెచ్చి తెచ్చి నాలుగైదు వందల అడుగుల వేరు పోగుచేశాం ఒక్క పడవకి. తెచ్చాక, చివర చీల్చిన కర్రసందులోంచి లాగితే పైతోలు ఊడిపోయి తెల్లగా జారుడుగా బయటికొస్తుంది. అప్పుడు దాన్ని నిలువునా రెండుగా చీల్చాలి. మొదట్లో కత్తితో గాటు పెట్టి, ఒక సగం పళ్లతో బిగబట్టి, రెండో సగం చేత్తో లాగుతూ, బొటనవేలితో చీలికని ముందుకి నడపాలి. ఆ చీలిక మధ్యలో నిలవదు. ఒక పక్కకి జారుతుంది, ఒక సగం సన్నబడిపోతుంది, చూస్తుండగానే పుటుక్కున తెగుతుంది. మొదటి రోజు నేను చీల్చినవాటికంటే తెంపినవే ఎక్కువ.

ఆయన పాఠమేమీ చెప్పలేదు. నా పక్కన వచ్చి కూర్చుని తనూ ఒక వేరు తీసుకున్నారు. చీలిక పక్కకి జారినప్పుడు లావుగా ఉన్న సగాన్ని కొంచెం ఎక్కువ వంచి లాగారు, అది మళ్లీ మధ్యకి వచ్చేసింది. అంతే. ఇది నేను అంతకుముందు వీడియోలో చూసినదే, ఒకటికి పదిసార్లు చూశాను. వీడియోలో వంచడం కనిపిస్తుంది, ఎంత వంచాలో కనిపించదు. ఆ ఎంత అన్నది వేరు వేరుకీ మారుతుంది, ఒకే వేరులో మూరకి మూరకీ మారుతుంది. మూడో రోజుకి కంటికంటే ముందు నా వేలికి తెలియడం మొదలైంది. మీ మొదటి ప్రశ్నకి నా అసలు జవాబు ఇదేనండి.

కట్టుబడి సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. చదును చేసిన నేల మీద బెరడు పరిచి, దాని మీద పడవ అడుగు ఆకారంలో చెక్క చట్రం పెట్టి, పైన బరువు రాళ్లు పేరుస్తారు. అంచుల్లో అక్కడక్కడ గాట్లు కోసి బెరడుని పైకి మడిచి, చుట్టూ గుంజలు పాతి నిలబెడతారు. చాలని చోట పక్క ముక్కలు వేరుతో కుడతారు. చెప్పులు కుట్టేవాళ్ల ఆర లాంటిదానితో చిల్లు పొడిచి, నానబెట్టిన వేరు దూర్చి, బిగించి లాగడం. పై అంచుకి సీడర్ అనే చెట్టు బద్దలు. మా పడవలో ఆ బద్దలకి కూడా ఇనుప మేకు వాడలేదు, కొయ్య మేకులే. మిగతా చెక్కపని చాలావరకు సీడర్‌తోనే. లోపల పలచని రేకుల్లాంటి చెక్కలు, వాటిని నొక్కిపెట్టే పక్కటెముకలు ఓ 40 దాకా. ఈ సీడర్‌ని రంపంతో కోయరు, చీలుస్తారు. చీలిస్తే చెక్క తన నార వెంటే విడిపోతుంది, కోస్తే నార మధ్యలో తెగి, వంచినప్పుడు అక్కడే విరుగుతుంది. చెక్కడానికి వంకర కత్తి ఉంటుంది, మొన దగ్గర వంగి ఉంటుంది, ఒంటి చేత్తో తనవైపుకి లాగుతూ చెక్కుతారు.

ఈ పక్కటెముకల దగ్గర నేనొక తప్పు చేశాను. నానబెట్టిన బద్దల మీద సలసల మరిగే నీళ్లు పోసి, రెండేసి కలిపి మోకాలికి ఆనించి నెమ్మదిగా వంచాలి. ఆ పొద్దున వాన వచ్చేలా ఉంది, పొయ్యి సరిగ్గా మండటం లేదు, పని ఆగిపోతుందేమోనని టెన్షన్‌లో నేను నీళ్లు పూర్తిగా మరగకముందే పోసి వంచేశాను. టక్ మని విరిగింది. దాన్ని చెక్కింది కిటిగన్ జీబీ కుర్రాడు, 17 ఏళ్లవాడు, ముందు రోజు పూటంతా కూర్చుని చెక్కాడు. నా గొంతు ఎండిపోయింది. పెద్దాయన కోప్పడలేదు, విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని చూసి, సీడర్ దుంగ వైపు చెయ్యి చూపించి, ఆ కుర్రాడి వైపు తల ఊపి వెళ్లిపోయారు. నేను మొదటినుంచి చేయాలి, వాడు నాకు నేర్పాలి, అదీ ఆయన చెప్పకుండా చెప్పింది. వాడు మాటకారి కాదు. నా చేతిలో కత్తి పట్టు రెండుసార్లు సరిచేశాడు, బొటనవేలు కత్తి పిడి చివర ఎక్కడ ఆనాలో తన బొటనవేలు పెట్టి చూపించాడు, మధ్యలో మందం ఉంచి చివరలకి పలచన చేయమని గోటితో గీత గీశాడు. మధ్యాహ్నానికి ఒక బద్ద తయారైంది. దాన్ని వాడే వంచాడు, నిలిచింది.

చాలా రోజుల తర్వాత నాకు అర్థమైంది, ఆయనకి ఆ రోజు ముఖ్యం పడవ కాదు. నేర్చుకున్న కుర్రాడు ఇంకొకరికి నేర్పడమే ముఖ్యం. కట్టడం వచ్చినవాడు ఒకడు మిగిలితే ఆ విద్య ఇంకొక జీవితకాలం ఉంటుంది, నేర్పడం వచ్చినవాళ్లు నలుగురు తయారైతే ఆ తర్వాత కూడా ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. కొలతలు రాసిన మనిషి నిజంగానే ఒకాయన ఉన్నారు, ఎడ్విన్ టప్పన్ ఆడ్నీ. 1880ల చివర్లో న్యూ బ్రన్స్‌విక్‌లో మలిసీట్ తెగకి చెందిన పీటర్ జో అనే పడవలు కట్టే ఆయన దగ్గర కూర్చుని పని నేర్చుకుని, ఆ తర్వాత జీవితమంతా రకరకాల తెగల పడవల బొమ్మలు గీశారు, 100కి పైగా చిన్న నమూనాలు చేశారు. 1950లో పోయారు. ఆ కాగితాలను పడవల చరిత్ర రాసే హోవర్డ్ చాపెల్ సర్ది పూర్తిచేస్తే 1964లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ పుస్తకంగా వేసింది. ఆ పుస్తకం లేకపోతే చాలా రకాల పడవల ఆకారాలే మనకి తెలిసేవి కావు, నాకు దాని మీద ఎంతో గౌరవం. అయితే ఆడ్నీ కూడా మొదట ఒక కట్టేవాడి పక్కన కూర్చున్నాకే గీశాడు. మ్యూజియం కూడా మంచిదే. పీటర్‌బరోలో కెనడియన్ కనూ మ్యూజియం 2024 మేలో కొత్త భవనంలోకి మారింది, 600 పైచిలుకు పడవలున్నాయి, ఒట్టావా నుంచి మూడు గంటల పైన ప్రయాణం, మీవాడిని తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ కుట్లు దగ్గరగా చూస్తే, ఒక్కో కుట్టు వెనక ఎవరి పళ్లు, ఎవరి వేళ్లు ఉన్నాయో అనిపిస్తుంది. కానీ గాజు వెనకున్న పడవ ఏ చెట్టు పనికొస్తుందో చెప్పదు.

ఈ విద్య దానంతటదే కనుమరుగు కాలేదని కూడా మీకు తెలియాలి. కాన్వాస్ పడవలు, తర్వాత అల్యూమినియం పడవలు వచ్చి అవసరం తగ్గింది నిజమే. దాంతోపాటు ప్రభుత్వం వాళ్ల పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకుపోయింది. కెనడా మొత్తం మీద 1,50,000 మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని రెసిడెన్షియల్ స్కూళ్లనే, కుటుంబాలకి దూరంగా ఉంచే బడుల్లో పెట్టారు, తమ భాష మాట్లాడితే శిక్షించారు. క్యూబెక్‌లో ఆమోస్ దగ్గరి స్కూలు 1955 నుంచి 1973 దాకా నడిచింది, అనిషినాబె పిల్లలు (అల్గాన్క్విన్లు తమని తాము పిలుచుకునే పేరు అది), అటికామెక్ అనే ఇంకో తెగ పిల్లలు అందులో ఉన్నారు. తాత పక్కన కూర్చుని వేరు చీల్చాల్సిన వయసులో పిల్ల ఇంట్లోనే లేదు. ఈ పనిలో ప్రతి చెక్కకీ, ప్రతి కుట్టుకీ వాళ్ల భాషలో మాట ఉంది, పడవని చీమాన్ అంటారు, బిర్చ్ బెరడుని విగ్వాస్ అంటారు. మా కుర్రాళ్లలో ఒకడికి ఒక చెక్కముక్క పేరు తెలియక మధ్యాహ్నం భోజనాలప్పుడు వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ చెప్పిన మాట వాడు మూడుసార్లు పలికాడు, పెద్దాయన విని తలూపారు. పడవ కట్టకపోయి ఉంటే ఆ ఫోన్ కాల్ ఉండేది కాదు కదా.

ఇంత జరిగినా తీగ తెగకుండా పట్టుకున్నవాళ్లున్నారు. కిటిగన్ జీబీకి చెందిన విలియం కమాండా 1913లో పుట్టారు, 1951 నుంచి 1970 వరకు ఆ ఊరి చీఫ్‌గా ఉన్నారు, 2011లో పోయేదాకా ఆ ప్రజలకి పెద్దదిక్కు. ఆయన, భార్య మేరీ బెరడు పడవలు కట్టేవారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న మనవడు చక్ కమాండా ఇప్పుడు పిల్లలతో కూర్చుని పడవలు కడుతున్నారు. మ్యూజియంలో దాచితే చాలదా అన్నారు కదా, ఈ కుటుంబాన్ని తలుచుకుంటే నాకు ఆ ప్రశ్నే రాదు.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. మా అమ్మమ్మగారిది ఉప్పాడ పక్క ఊరు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఒడ్డున తెప్పలు ఉండేవి, నాలుగైదు దుంగలు తాడుతో కట్టినవి, సముద్రం నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండకి ఆరబెట్టేవారు. ఏ దుంగ పక్కన ఏది పడాలో తెలిసిన తాతలుండేవారు. ఇప్పుడు ఒడ్డంతా ఫైబర్ బోట్లే. బోట్లు వద్దని కాదు, వేటకెళ్లేవాళ్లకి అవే మేలు. ఆ తాతల్ని కూర్చోబెట్టి అడిగిన మనవడు మాలో ఒక్కడూ లేడు, నేనూ అడగలేదు. ఆ బాధ నాకుంది.

నేర్పే తీరు గురించి ఒక మాట. వేరే చోట ఒక సంస్థ వాళ్లు ఒక పడవ కట్టించుకున్నారు, నేను చూడ్డానికి వెళ్లాను. బెరడు, వేళ్లు, చీల్చిన సీడర్ అన్నీ ముందే సిద్ధం చేయించి, జనాన్ని పది రోజులు కుట్టు పనికి పిలిచి, ఫోటోలు తీసుకుని, పడవని లాబీలో పైకప్పుకి వేలాడదీశారు. అది నీళ్లు చూడలేదు. ఆ ఊరి పిల్లలు ఒక్కరూ ఆ పనిలో లేరు. నాకు అది చాలా బాధ కలిగించింది. నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: డబ్బు పెట్టేవాళ్లు అడవిలో గడిచే రోజులకి కూడా జీతం ఇవ్వాలి, గురువుకి మాత్రమే కాదు, నేర్చుకునే అల్గాన్క్విన్ కుర్రాళ్లకీ ఇవ్వాలి, వేసవి ఉద్యోగం వదులుకుని ఉచితంగా ఎన్నాళ్లు వస్తారు? కట్టిన పడవ వాళ్ల దగ్గరే ఉండాలి. మనలాంటి వలస వచ్చినవాళ్లం చేతి సాయానికి వెళ్లాలి, ఒక పడవ కట్టేసి నేర్చేసుకున్నానని సొంత క్లాసులు పెట్టుకోవడానికి కాదు.

మా పడవ సెప్టెంబరు మొదట్లో నీళ్లలోకి వెళ్లింది. దానికి ముందు అతుకులకి బంక పూయడం ఒక రోజు పని. స్ప్రూస్ బంకని కాచి, వడకట్టి, జంతువుల కొవ్వు, బొగ్గు పొడి కలుపుతారు. చిన్న బెరడు ముక్క మీద పూసి చల్లటి నీళ్లలో ముంచి వంచి చూడాలి, బంక చిట్లితే కొవ్వు చాలలేదని, వేలితో నొక్కితే ముద్ర పడితే కొవ్వు ఎక్కువైందని. పిల్లలకి ఈ పరీక్ష చాలా నచ్చింది, ప్రతి గిన్నెకీ వాళ్లే చేశారు. నది మీద నా వంతు వచ్చినప్పుడు మోకాళ్ల కింద బెరడులోంచి నీటి చల్లదనం తెలిసింది. నేను చెక్కిన పక్కటెముక ముందునుంచి పదకొండోది, వెళ్లి చెయ్యి పెట్టి చూసుకున్నాను.

మీవాడి విషయానికొస్తే, ముందు జూన్‌లో కిటిగన్ జీబీలో జరిగే పౌవౌకి (పాటలు, నృత్యాలతో సాగే వాళ్ల పండుగ) కానీ, ఆగస్టులో గోల్డెన్ లేక్ దగ్గర పిక్వాకనగాన్ అనే ఇంకో అల్గాన్క్విన్ల ఊళ్లో జరిగేదానికి కానీ కుటుంబంతో వెళ్లండి, అందరూ వెళ్లొచ్చు. అక్కడ మనుషులతో పరిచయం అయ్యాక, పడవ కట్టే పని ఎక్కడైనా జరుగుతుంటే చేతి సాయం కావాలా అని అడగండి. నేర్పుతారా అని అడగొద్దు, ఆ మాట వాళ్లే అనాలి. ఈలోపు పార్కుల్లో బిర్చ్ చెట్ల బెరడు మాత్రం వాడిని ఒలవనివ్వొద్దు, అనుమతి ఉండదు, ఆ తెల్లని పొర ఒకసారి పోతే మళ్లీ అలా రాదు, నల్లటి గరుకు మచ్చ మిగులుతుంది. ఇంట్లో చేయదలిస్తే ఒక పని ఉంది, కట్టెపుల్లల్లోంచి సన్నని నిటారు ముక్క తీసుకుని కత్తితో సరిగ్గా మధ్యకి చీల్చడం ప్రాక్టీస్ చేయమనండి, చీలిక పక్కకి జారినప్పుడు లావు వైపు వంచమనండి. పిలుపు వస్తే పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసి పంపండి, బంక అంటితే పోదు. జూన్ అడవిలో నల్ల ఈగలు, దోమలు మనిషిని నిలబడనివ్వవు, తలకి వేసుకునే దోమవల ఒకటి కొనిపెట్టండి.